రేటు మారొచ్చు, కౌంట్ మారకూడదు

నెల్లూరు జిల్లా ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు వనామి రొయ్యల గుంట పట్టుబడి రోజున గట్టు మీద ఒక చిన్న పని జరుగుతుంది. వల లాగి, రొయ్య కడిగి, ట్రేల్లో పోశాక నాలుగైదు ట్రేల నుంచి కలగలుపుగా తీసి కిలో తూకం వేస్తారు. ఆ కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో లెక్కపెడతారు. నలభై తూగితే నలభై కౌంట్, వంద తూగితే వంద కౌంట్. రేటు ఆ కౌంట్‌ని బట్టి: కౌంట్ పెరిగితే రొయ్య చిన్నది, రేటు తక్కువ. అమెరికాలో గిరాకీ పడిపోయినా, ఈక్వెడార్ సరుకు ఎక్కువ దిగినా రేటు తగ్గుతుంది. దాన్నెవరూ మోసం అనరు. కానీ కొనేవాడి మనిషి ఒక రైతు దగ్గర అన్ని ట్రేలూ కలిపి తీసి, పక్క గుంట దగ్గర చిన్నవే ఏరి కిలో నింపాడనుకోండి, అదే రొయ్య నలభై నుంచి యాభై కౌంట్‌కి పోతుంది. అప్పుడు గొడవ ఆగదు, ఆగకూడదు కూడా.

వేరే దేశాల మానవ హక్కుల గురించీ, అక్కడి ఎన్నికల గురించీ ప్రభుత్వాలు చేసే ప్రకటనలను ఈ లెక్కతోనే చదవాలని నేను గట్టిగా నమ్ముతాను. అందులో మూడు పనులు కలిసిపోయి ఉంటాయి. మొదటిది, అక్కడ ఏం జరిగిందో తేల్చడం: ఎంతమందిని చంపారు, ఎంతమందిని జైల్లో పెట్టారు, ఎన్నికైన సభను ఎవరు మూసేశారు. రెండోది, జరిగినదానికి పేరు పెట్టడం: సైనిక కుట్ర, ఊచకోత, ఎన్నికల రిగ్గింగ్. మూడోది, దాని మీద ఏదో ఒకటి చేయడం: సాయం ఆపడం, ఆయుధాలు ఆపడం, సుంకం రాయితీ తీసేయడం, రాయబారిని పిలిచి మాట్లాడటం. మొదటి రెండూ కౌంట్ లాంటివి, ఎవరి గుంట దగ్గరైనా ఒకేలా తీయాలి. మూడోది రేటు. అది దేశాన్ని బట్టి, మన చేతిలో ఉన్న పట్టును బట్టి, దెబ్బ ఎవరికి తగులుతుందన్నదాన్ని బట్టి మారొచ్చు. కాకపోతే ఎందుకు మారిందో చెప్పాలి.

చాలా వాదనలు ఇక్కడే దారి తప్పుతాయి. "చైనాతో మాట్లాడినట్టే మాల్దీవులతోనూ మాట్లాడతారా" అని ఒకరంటారు. "అందరినీ ఒకేలా శిక్షించలేనప్పుడు నోరు మూసుకోవడమే మేలు" అని ఇంకొకరంటారు. ఇద్దరూ రేటు గురించే మాట్లాడుతున్నారు. కౌంట్ ఊసే ఎత్తరు.

కౌంట్ మార్చడం ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా చట్టంలోని సైనిక కుట్ర నిబంధనను మించిన ఉదాహరణ లేదు. ఎన్నికైన ప్రభుత్వాధినేతను సైన్యం దించేస్తే ఆ దేశ ప్రభుత్వానికి ఇచ్చే చాలా రకాల సాయం ఆపాలని ఏటా బడ్జెట్ కేటాయింపుల చట్టంలో రాస్తారు. చదివితే గట్టి నిబంధనలాగే ఉంటుంది. ఇప్పుడు మూడు తేదీలు పక్కపక్కన పెట్టండి. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది, మర్నాడే అమెరికా విదేశాంగ శాఖ దాన్ని సైనిక కుట్ర అని తేల్చింది. నైజర్‌లో 2023 జూలై 26న కుట్ర జరిగింది, ఆ మాట అధికారికంగా అనడానికి అక్టోబరు 10 దాకా, అంటే 76 రోజులు పట్టింది. ఈజిప్టులో 2013 జూలై 3న ఎన్నికైన అధ్యక్షుడు మొర్సీని సైన్యం దించేసింది. ఆ మాట ఇప్పటికీ అనలేదు. కుట్రా కాదా అని నిర్ణయించి తీరాలని చట్టం తమను కట్టడి చేయడం లేదన్నది అప్పటి అమెరికా ప్రభుత్వ వాదన.

తేడా ఎక్కడుంది? మయన్మార్ ప్రభుత్వానికి నేరుగా వెళ్లే అమెరికా సాయం చాలా తక్కువ, కాబట్టి ఆ మాట అనడానికి ఖర్చు లేదు. నైజర్‌లో అగాదెజ్ దగ్గర అప్పట్లో అమెరికా డ్రోన్ల స్థావరం ఉండేది. ఈజిప్టుకు ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయం పోతుంది. 2013 అక్టోబరులో కొన్ని విమానాలు, ట్యాంకుల సరఫరా ఆపారు, 2015లో మళ్లీ వదిలారు. ఆ ఆపడం, వదలడం రేటు కిందికి వస్తుంది, దాని మీద వాదించుకోవచ్చు. కానీ ముగ్గురి దగ్గరా ఒకే పని జరిగినప్పుడు ఒకరికి ఒక్క రోజులో, ఇంకొకరికి 76 రోజుల్లో పేరు పెట్టి, మూడోవారికి అసలు పెట్టకపోవడం కౌంట్‌లో చేసిన మోసమే. ఇందులో లోపం అధికారుల మనస్తత్వంలో మాత్రమే లేదు, నిబంధన రాసిన తీరులోనే ఉంది. పేరు పెట్టిన మరుక్షణం శిక్ష దానంతటదే పడేలా రాస్తే, శిక్ష వద్దనుకున్నవాడు పేరే పెట్టడు. పేరు పెట్టడానికి గడువు విధించి, ఆ తర్వాత శిక్షలో మినహాయింపు కావాలంటే కారణం రాసి ఇవ్వాలని పెడితే ఈ తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

యూరోపియన్ యూనియన్‌ది ఇంకో రకం చిక్కు. పేద దేశాల సరుకుకు సుంకం లేకుండా తలుపు తెరిచి, హక్కుల ఒప్పందాలను తీవ్రంగా, వరసగా ఉల్లంఘిస్తే ఆ రాయితీ తీసేస్తామంటుంది. 2020 ఆగస్టు 12 నుంచి కంబోడియాకు ఈ రాయితీలో కొంత తీసేశారు. అక్కడి ప్రధాన ప్రతిపక్షాన్ని 2017లో కోర్టు ద్వారా రద్దు చేయించారన్నది ఒక ముఖ్య కారణం. యూరప్‌కు ఆ దేశం ఏటా పంపే సరుకులో దాదాపు అయిదో వంతు మీద, అంటే సుమారు 100 కోట్ల యూరోల సరుకు మీద దెబ్బ పడింది. అదే నెల 1వ తేదీన వియత్నాంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి తెచ్చారు. వియత్నాంలో రద్దు చేయడానికి ప్రతిపక్షమే లేదు, ఉన్నది ఒకటే పార్టీ. పక్కపక్క దేశాలు, పదకొండు రోజుల తేడా.

యూరప్ దగ్గర జవాబు లేకపోలేదు. కంబోడియా ఉన్న హక్కులు తీసేస్తూ వెనక్కి పోతోంది, వియత్నాం కార్మిక ఒప్పందాలపై ఒక్కొక్కటిగా సంతకం పెడుతూ ముందుకు వస్తోంది అంటారు. ఈ వాదనలో పస ఉంది. ఎటు పోతున్నారన్నది చూడటమూ ఒక కొలతే. అయితే అదే కొలతను మయన్మార్‌కు పెడితే? 2017లో రోహింగ్యాలపై సైన్యం దాడులు, 2021లో కుట్ర, అయినా అదే సుంకం రాయితీ అక్కడ ఉంచేశారు. బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎక్కువగా ఆడపిల్లలు, రాయితీ తీస్తే వాళ్ల కూడు పోతుందన్నది కారణం. కంబోడియా బట్టల ఫ్యాక్టరీల్లోనూ ఎక్కువమంది ఆడవాళ్లే కదా. ఒకచోట చెప్పిన కారణం రెండోచోట ఎందుకు పనికిరాలేదో చెప్పాల్సిన బాధ్యత నిర్ణయం తీసుకున్నవాళ్లది.

ఇక మన దేశం సంగతి. ఇక్కడే నిలబడి కాస్త ఎక్కువసేపు చూడాలి, ఎందుకంటే దీన్ని అడిగే హక్కు మనకు నేరుగా ఉంది.

రాజ్యాంగం 51వ అధికరణం అంతర్జాతీయ శాంతిని, దేశాల మధ్య న్యాయమైన, గౌరవప్రదమైన సంబంధాలను, అంతర్జాతీయ చట్టం పట్ల గౌరవాన్ని ప్రభుత్వం పెంపొందించాలంటుంది. మనం ఖర్చు భరించి మాట మీద నిలబడిన రోజులు నిజంగా ఉన్నాయి. 1946లో, స్వాతంత్ర్యం రాకముందే, దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్నాం, ఆ దేశ జాతివివక్షను ఐక్యరాజ్యసమితిలో మొదట లేవనెత్తింది మనమే. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరి, ఎదురు దక్షిణాఫ్రికా అయ్యేసరికి ఆడకుండా కప్పు వదులుకున్నాం. అదే దేశం 1956 నవంబరులో సూయెజ్ మీద బ్రిటన్, ఫ్రాన్స్ చేసిన దాడిని వెంటనే దుమ్మెత్తిపోసి, అదే నెలలో హంగరీలో సోవియట్ ట్యాంకులు దిగినప్పుడు నీళ్లు నమిలింది. హంగరీలో స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలన్న ఐరాస తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు కూడా వేసింది. మన వాళ్లను గౌరవించేవాళ్లు కూడా ఈ రెండు ఘటనలనూ కలిపే చదవాలి.

శ్రీలంక మీద మానవ హక్కుల మండలిలో మన ఓట్లను వరసగా పేర్చితే ఒక పాఠం దొరుకుతుంది. జెనీవాలోని ఈ మండలిలో 47 దేశాలుంటాయి, ఒక్కోటి మూడేళ్లు. 2009 మేలో తమిళ పులులతో యుద్ధం ముగిసిన వారం పది రోజులకు వచ్చిన తీర్మానం శ్రీలంకను మెచ్చుకునేలా ఉంది, 29 దేశాలు సరే అన్నాయి, అందులో మనం ఉన్నాం. 2012 మార్చిలో అమెరికా పెట్టిన తీర్మానం శ్రీలంకను నిలదీసేది, 24-15తో నెగ్గింది, అందులోనూ మనది అనుకూల ఓటే. 2013లోనూ అంతే, 25-13. 2014లో తటస్థం. 2021లో తటస్థం. 2022లో మళ్లీ తటస్థం, ఆసారి 20 దేశాలు అనుకూలం, 7 వ్యతిరేకం, 20 తటస్థం.

ఈ వరస చూడగానే "తమిళనాడు పార్టీల ఒత్తిడి ఉన్నప్పుడు ఒకలా, లేనప్పుడు ఒకలా" అనేస్తారు. ఒత్తిడి ఉన్న మాట నిజమే. 2013 మార్చిలో ఈ విషయం మీదే డీఎంకే కేంద్ర ప్రభుత్వం నుంచి బయటికొచ్చింది. కానీ అంతటితో ఆపేస్తే తప్పు లెక్క వేసినట్టే. తీర్మానం పాఠం తెరిచి చూడాలి. 2012, 2013లలో అడిగింది ప్రధానంగా శ్రీలంక తనంతట తాను విచారణ జరిపి చెప్పమని. 2014 తీర్మానం మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయమే బయటి నుంచి విచారణ చేయాలంది. అది సార్వభౌమత్వాన్ని తోసిపుచ్చడం అవుతుందని మన ప్రతినిధి అభ్యంతరం చెప్పాడు. అంటే 2013కూ 2014కూ మధ్య మన ఓటు మారడానికి సరుకు మారడమూ కారణం. ఒప్పుకుంటామా లేదా అన్నది వేరు, కారణం చెప్పారు. 2009కీ 2012కీ మధ్య మారినదానికి మాత్రం అంత సూటి కారణం కనబడదు. చనిపోయినవాళ్లు అదే యుద్ధంలో, అవే నెలల్లో చనిపోయారు.

ఇక్కడ మన పత్రికల్లో వచ్చే ఒక పొరపాటు చెప్పాలి. తటస్థంగా ఉండటాన్ని "ఓటింగ్‌కు గైర్హాజరు" అని రాసేస్తుంటారు. ఐరాసలో ఈ రెండూ వేర్వేరు. సభలో కూర్చుని, మీట నొక్కి, "అటూ కాదు ఇటూ కాదు" అని రికార్డు చేయించుకోవడం తటస్థం. కుర్చీ ఖాళీగా ఉంచడం గైర్హాజరు. కొన్ని దేశాలు కావాలనే గైర్హాజరవుతాయి, తటస్థం అన్న మాట కూడా తమ పేరు పక్కన పడకుండా. లెక్క వేసేటప్పుడు ఈ రెంటినీ ఒకే గడిలో వేస్తే మొత్తం పాడవుతుంది.

2022 అక్టోబరు 6న జెనీవాలో శ్రీలంక ఓటింగ్ జరిగిన రోజే చైనాలోని షిన్‌జియాంగ్ ముస్లింల పరిస్థితి మీద చర్చ పెట్టాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. శిక్ష కాదు, ఖండన కాదు, ఊరికే చర్చ. 17 దేశాలు సరే అన్నాయి, 19 వద్దన్నాయి, 11 తటస్థం. ప్రతిపాదన వీగిపోయింది. వద్దన్నవాళ్లలో పాకిస్తాన్, ఇండోనేసియా, ఖతార్, ఎమిరేట్స్ ఉన్నాయి. ముస్లిం దేశాల్లో సరే అన్నది సోమాలియా ఒక్కటే. మనం తటస్థం. అదే ఏడాది తన మీద జరిగిన దాడిపై ప్రపంచమంతా నోరు విప్పాలని అడిగిన ఉక్రెయిన్ కూడా తటస్థమే. చర్చకు ఒప్పుకోవడం కౌంట్ తీయడానికి ఒప్పుకోవడంతో సమానం. తూకమే వేయొద్దన్నవాళ్లు తర్వాత రేటు గురించి ఏం మాట్లాడినా నమ్మడం కష్టం.

మయన్మార్ విషయంలో నిలకడ తప్పితే ఎంత ఖర్చవుతుందో మనకే బాగా తెలిసొచ్చింది. 1988లో అక్కడ విద్యార్థుల ఉద్యమాన్ని సైన్యం అణిచేసినప్పుడు మన దేశం బాహాటంగా ప్రజాస్వామ్యం వైపు నిలబడింది, సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు నీడనిచ్చింది. 1993కల్లా దారి మారింది. ఈశాన్య తీవ్రవాదుల స్థావరాలు అక్కడి అడవుల్లో, చైనా పట్టు పెరుగుతోంది, కాబట్టి సైన్యంతో మాట్లాడక తప్పదన్నారు. సరే, రేటు మారింది. అయితే ఇంకో పక్క అక్కడి ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీకి నెహ్రూ పురస్కారం ప్రకటించారు. 1995లో రెండు దేశాల సైన్యాలూ కలిసి తీవ్రవాదులను చుట్టుముట్టిన సమయంలోనే ఆ పురస్కారం కారణంగా మయన్మార్ సైన్యం వెనక్కి తగ్గిందని, కొందరు చేజారిపోయారని అప్పటి నుంచీ చెప్పుకుంటారు. ఒక చేత్తో సైన్యాన్ని, ఒక చేత్తో ఉద్యమాన్ని పట్టుకుని, ఎవరికీ ఏమీ వివరించకపోతే రెండు వైపులా నమ్మకం పోతుంది.

2021లో కుట్ర జరిగిన రోజే మన విదేశాంగ శాఖ "తీవ్ర ఆందోళన" అని ప్రకటన చేసింది, చట్టబద్ధ పాలన, ప్రజాస్వామ్య ప్రక్రియ నిలవాలంది. మంచి మాట. మార్చి 27న అక్కడి సైనిక దినోత్సవ కవాతుకు ప్రతినిధులను పంపిన ఎనిమిది దేశాల్లో మనది ఒకటి, అదే రోజు ఆ దేశ వీధుల్లో వందమందికి పైగా పౌరులు సైన్యం తూటాలకు చనిపోయారు. జూన్ 18న జనరల్ అసెంబ్లీలో 119 దేశాలు ఖండిస్తే మనం తటస్థంగా ఉన్నాం. ఇంకో సంగతి మన రాష్ట్రానికే దగ్గరిది. కుట్రకు కొన్ని నెలల ముందు, 2020లో, మయన్మార్ నౌకాదళానికి సింధువీర్ అనే జలాంతర్గామిని అప్పగించాం. దానికి మరమ్మతు చేసి సిద్ధం చేసింది విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే. రోహింగ్యాలపై దాడులు జరిగి అప్పటికి మూడేళ్లయింది.

సరిహద్దు 1,643 కిలోమీటర్లు, దాన్ని ఎవరూ జరపలేరు. ఆ సైన్యంతో మాట్లాడొద్దని నేను అనను. మాట్లాడటానికి రాయబార కార్యాలయం చాలు, కవాతుకు కుర్చీ అక్కర్లేదు. శరణార్థుల విషయంలోనూ ఇంతే. కేంద్రం వెనక్కి పంపమంటే, మిజోరం ప్రభుత్వం, అక్కడి ఊళ్లు మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన చిన్ తెగ కుటుంబాలను తిప్పి పంపడానికి ఒప్పుకోలేదు. 1951 శరణార్థుల ఒప్పందంలో మనం లేము, దేశంలో శరణార్థుల చట్టమూ లేదు. చట్టం లేనిచోట కొలత ఎప్పుడూ అప్పటికప్పుడు దొరికిన చేతిదే అవుతుంది.

మన వైపు నుంచి తరచూ వినిపించే సమాధానం రెండు ముక్కలు. ఒక దేశం పేరు పెట్టి తీర్మానాలు చేయడానికి మేం వ్యతిరేకం, అది వాళ్ల అంతర్గత వ్యవహారం. మొదటి ముక్క నిజంగా పాటిస్తే నిలకడే. కానీ 2012, 2013లలో శ్రీలంక పేరు పెట్టిన తీర్మానాలకు ఓటేశాం. గాజా మీద 2023 అక్టోబరు 27న తటస్థం, డిసెంబరు 12న అనుకూలం, 2025 జూన్ 12న మళ్లీ తటస్థం. రెండో ముక్క సంగతీ అంతే. 2015లో నేపాల్ కొత్త రాజ్యాంగం మీద మన అసంతృప్తిని దాచుకోలేదు, 2018లో మాల్దీవుల్లో ఎమర్జెన్సీ పెడితే కలత చెందామన్నాం, 2024లో బంగ్లాదేశ్ మైనారిటీల భద్రత మీద ప్రకటనలు చేశాం. చేయడం తప్పు కాదు, చేయాలి కూడా. అయితే మన దేశం గురించి వేరేవాళ్లు ఒక మాట అంటే అంతర్గత వ్యవహారమన్న తలుపు దబ్బున వేసేయడం కుదరదు.

2019 సెప్టెంబరులో మలేసియా ప్రధాని మహతీర్ ఐరాసలో కశ్మీర్ గురించి మాట్లాడాడు, ఆ తర్వాత పౌరసత్వ చట్టాన్ని విమర్శించాడు. 2020 జనవరి 8న శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిని స్వేచ్ఛా జాబితా నుంచి ఆంక్షల జాబితాలోకి మార్చారు. ఏ దేశం పేరూ రాయలేదు, ఏ ఒక్క దేశాన్నీ ఉద్దేశించింది కాదన్నారు. ముడి పామాయిల్‌కు మాత్రం అడ్డు లేదు. కృష్ణపట్నం రేవులో దిగే ముడి నూనెను శుద్ధి చేసే ఫ్యాక్టరీలున్న మన జిల్లాలో ఇది వ్యాపార వార్తగానే కనబడి ఉంటుంది. మహతీర్ మాటలు సరైనవా కావా అన్నది పక్కన పెట్టండి. కారణం రాయకుండా తీసుకున్న చర్యకు లెక్క చెప్పేవాళ్లుండరు, మెచ్చుకునేవాళ్లకూ తిట్టేవాళ్లకూ చేతికి ఏమీ దొరకదు. 2025 ఆగస్టు 27న అదే రకం దెబ్బ మన గుంటల మీద పడింది. రష్యా చమురు కొంటున్నామని అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతం చేసింది. రష్యా ముడి చమురు మనకంటే ఎక్కువ కొంటున్న చైనాకు ఆ పేరు మీద ఆ సుంకం వేయలేదు. ఒకే తప్పు, రెండు కౌంట్లు. ఉక్రెయిన్ ప్రజల పక్షాన అన్న మాట నెల్లూరు రైతుకు ఆ రోజు ఎలా వినబడి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇది ఎవరికి వారు సరిచూసుకోగలిగిన పనే. ఒక కాగితం మీద గడులు గీయండి. ముందుగా ఒకే రకం ఘటన ఎంచుకోండి, సైనిక కుట్ర అయితే కుట్రలే, వాటిలో ఎన్నికల రిగ్గింగ్ కలపొద్దు. అయిదు దేశాలు చాలు: రెండు మిత్ర దేశాలు, రెండు పడని దేశాలు, ఒకటి మధ్యలోది. మిత్రులను వదిలేసి లెక్క వేస్తే ఎవరైనా నిలకడగానే కనబడతారు. ఘటన జరిగిన తేదీ, మొదటి ప్రకటన తేదీ, ఆ ప్రకటనలో వాడిన క్రియాపదం, ఐరాస ఓటు, తర్వాత మూడు నెలల్లో సాయం, ఆయుధాలు, పర్యటనలు ఏమయ్యాయన్నది ఒక్కో గడిలో రాయండి. క్రియాపదం చాలా ముఖ్యం. గమనించాం, ఆందోళన, తీవ్ర ఆందోళన, ఖండిస్తున్నాం: విదేశాంగ శాఖలో ఒక్కో మాటా తూచి వేసినదే. ఒకరికి గమనించాం, ఒకరికి ఖండిస్తున్నాం అన్నచోట వేలు పెట్టి అడగాలి.

జనరల్ అసెంబ్లీ ఓట్లు ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీలో దేశాల వారీగా దొరుకుతాయి. తీర్మానం పాఠంలో "గుర్తుచేసుకుంటూ", "పునరుద్ఘాటిస్తూ" అని మొదలయ్యే పేరాలు పీఠిక మాత్రమే, అంకెలు వేసిన పేరాల్లోనే అసలు పని ఉంటుంది. ఓటుకు ముందో తర్వాతో చదివే వివరణ ఇంకా ముఖ్యం, మన ప్రతినిధుల వివరణలు న్యూయార్క్, జెనీవా కార్యాలయాల వెబ్‌సైట్లలో పెడతారు. ఆయుధాలకు స్టాక్‌హోంలోని సిప్రి సంస్థ జాబితా ఉంది, కానీ అందులో పెద్ద ఆయుధాలే ఉంటాయి. తుపాకులు, తూటాలు, నిఘా సాఫ్ట్‌వేర్ అందులో వెతికితే దొరకవు. వీధుల్లో జనాన్ని చంపేది చాలాసార్లు అవే.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి విదేశాంగ శాఖను ఆన్‌లైన్లోనే అడగొచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "ఆ ఓటు ఎందుకు వేశారు, ఫైలు నోట్లు ఇవ్వండి" అని అడిగితే విదేశీ సంబంధాలకు భంగమని సెక్షన్ 8(1)(ఎ) చూపించి తిప్పి పంపడం దాదాపు ఖాయం. అంకెలు అడగండి: ఫలానా దేశానికి ఏ ఏడాది ఎంత సాయం, ఎంతమంది సైనికాధికారులకు ఇక్కడ శిక్షణ, ఏ పద్దు కింద. కొంత భాగమే రహస్యమైతే మిగతాది విడదీసి ఇవ్వమని సెక్షన్ 10 పేరు ముందే రాయండి. జవాబు నచ్చకపోతే మొదటి అప్పీలుకు ముప్పై రోజులు గడువు.

ఇంకో దారి పార్లమెంటు. నెల్లూరు, ఒంగోలు ఎంపీలెవరైనా లోక్‌సభలో ప్రశ్న వేయొచ్చు, పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, 150 మాటలు దాటకూడదు. రోజుకు 20 ప్రశ్నలకు మంత్రి నోటితో, 230 ప్రశ్నలకు రాతలో జవాబులొస్తాయి. మిత్రదేశాన్ని అమర్యాదగా ప్రస్తావించకూడదన్న నిబంధన ఒకటుంది. "క్రూరమైన సైనిక ప్రభుత్వం" అని రాస్తే ప్రశ్న అక్కడే ఆగిపోతుంది, విశేషణాలు తీసేయాలి. ఎంపీ కార్యాలయానికి ఇలా రాసి ఇవ్వొచ్చు: "(ఎ) 2021 ఫిబ్రవరి 1 తర్వాత మయన్మార్‌కు రక్షణ ఉత్పత్తుల ఎగుమతికి ఇచ్చిన అనుమతులు ఏడాది వారీగా ఎన్ని, వాటి విలువ ఎంత, (బి) అటువంటి అనుమతి ఇచ్చే ముందు కొనే దేశంలో మానవ హక్కుల పరిస్థితిని ఏ అధికారి, ఏ పత్రం ఆధారంగా పరిశీలిస్తారు, (సి) గత అయిదేళ్లలో ఆ కారణం మీద నిరాకరించిన అనుమతులు దేశాల వారీగా ఎన్ని?"

(బి)లో "అలాంటి పద్ధతి ఏదైనా ఉందా" అని మాత్రం రాయొద్దు. లేదు అని ఒక్క ముక్క రాసి, (సి)కి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ముగించేస్తారు. ఏ అధికారి, ఏ పత్రం, ఎన్ని అని అడిగితే కనీసం ఒక సున్నా అయినా రాసి ఇవ్వాలి, ఆ సున్నా సభ రికార్డులో ఉంటుంది.